పెద్దదిక్కు

మన తెలుగునాట ఒక కుటుంబమును గూర్చి చెప్పునపుడు "పాపము, ఆ యింటికి పెద్దదిక్కు లేదు" అను మాట తరచుగా వినబడుచుండును. ఆ మాటలో ధనము ప్రసక్తి లేదు. ఆ యింట అన్నము వండువారు లేరనియు దాని అర్థము కాదు. కష్టము వచ్చినపుడు ఎవరి ముఖము చూడవలెనో, ఎవరితో నోరు విప్పి చెప్పుకొనవలెనో తెలియని స్థితినే ఆ మాట తెలుపుచున్నది. వయసు వచ్చినవారికే అట్టి స్థితి దుర్భరము. ఇక పదమూడు మొదలు పంతొమ్మిది ఏండ్ల వరకు గల వయసులో, పేదరికములోను అనాదరణలోను పెరుగుచున్న పిల్లలకు అది ఎంతటి భారమో వేరుగ చెప్పనక్కరలేదు.

అట్టి పిల్లలకు కన్నవారు కాక, వారి మేలుకోరు మరియొక పెద్దవారు నిలకడగా తోడుండినచో వారి మనస్సు కుదుటపడునని లోకానుభవము చెప్పుచున్నది. ఆధునిక పరిశోధనలును దానినే బలపరచుచున్నవి. పాశ్చాత్యులు ఇట్టి వ్యక్తిని మెంటార్ అని పిలిచెదరు. ఒడిస్సీ అను ప్రాచీన గ్రీకు కావ్యములో దూరదేశమునకు యుద్ధమునకేగిన రాజు తన ఇంటిని, పసికుమారుని అప్పగించిపోయిన మిత్రుని పేరు అది. మనకు ఆ పేరు క్రొత్తయైనను ఆ భావము క్రొత్తది కాదు. "పెద్దదిక్కు" అను మన మాటయే దానికి చక్కగా సరిపోవును. ఆ పెద్దదిక్కు పిల్లల మనస్సునకు ఎట్లు ఉపకరించునో, ఏ నియమములతో నడచినచో ఫలించునో, ఏ పొరపాటుచే వికటించునో ఈ వ్యాసమున విచారింతము.

ధ్రువోపాఖ్యానము నేర్పు పాఠము

శ్రీమద్భాగవతము చతుర్థ స్కంధములోని ధ్రువుని కథ భక్తులందరు ఎరిగినదే. అయినను ఆ కథను ఒక గాయపడిన పిల్లవాని కథగా మరియొకసారి చదివి చూడుడు. ఉత్తానపాద మహారాజునకు సునీతి, సురుచి అని ఇద్దరు భార్యలు. సురుచి రాజునకు ప్రియురాలు. సునీతి అనాదరణకు గురియైనది. సురుచి కుమారుడగు ఉత్తముడు తండ్రి తొడపై కూర్చుండియుండుట చూచి ధ్రువుడును ఎక్కబోయెను. తన కడుపున పుట్టనివానికి ఆ యోగ్యత లేదని సురుచి కఠినముగా పలికెను. తండ్రి అక్కడనే యుండియు నోరు మెదపలేదు. ఏడ్చుచు వచ్చిన కుమారుని చూచి తల్లియు ఏడ్చినది గాని ఆ అవమానమును తొలగించు శక్తి ఆమెకు లేదు.

ఇందు మూడు గాయములున్నవి: పరుల నోట అవమానము, రక్షింపవలసినవాని మౌనము, ప్రేమించు తల్లి నిస్సహాయత. ఐదేండ్ల ధ్రువుడు రాకుమారుడే యైనను, ఈనాడు పేదయింట పెరుగు పదిహేనేండ్ల పిల్లవాని దుఃఖములోను తరచుగా ఈ మూడే కనబడుచున్నవి.

ఇల్లు విడిచి వెడలిన ఆ బాలునకు నారద మహర్షి ఎదురయ్యెను. ఆయన నడచుకొన్న తీరును జాగ్రత్తగా గమనింపవలెను. మొదట ఆయనయు అందరు పెద్దలవలెనే హితవు చెప్పెను. పసివానికి మానావమానములతో పనియేమి, దైవము ఇచ్చినదానితో తృప్తిపడి ఇంటికి మరలుము అనెను. అందుకు ధ్రువుడు, మీ మాట మంచిదే గాని సవతితల్లి వాగ్బాణములతో చీలిన నా హృదయమున అది నిలుచుట లేదని విన్నవించెను. ఆ సమాధానమునకు నారదుడు కోపగించుకొనలేదు. తన హితవునే మరల మరల చెప్పి విసిగింపలేదు. పిల్లవాని మనస్సు ఎక్కడ ఉన్నదో తెలిసికొని, అక్కడి నుండియే నడిపింప మొదలిడెను.

పిమ్మట ఆయన చేసినవి మూడు పనులు. తల్లి చూపిన మార్గమే నీకు శ్రేయస్కరమని చెప్పి, ఆ దీనురాలి మాటకు గౌరవము కలిగించెను. తల్లి స్థానమును తాను ఆక్రమింపలేదు. యమునా తీరమున మధువనమునకు పోయి ఎట్లు స్నానము చేయవలెనో, ఎట్లు కూర్చుండవలెనో, దేనిని ధ్యానింపవలెనో వివరముగా తెలిపి, ప్రతిదినము చేయదగిన ఒక క్రమమును చేతికిచ్చెను. ఆ తరువాత అంతఃపురమునకు తానే పోయి, పశ్చాత్తాపముతో కుములుచున్న తండ్రిని పలకరించి ఓదార్చెను. వినుట, ఇంటివారి గౌరవమును నిలుపుట, చేయదగిన పనిని చూపుట, పెద్దలతో మాట కలుపుట: పెద్దదిక్కు అయినవాని ధర్మములన్నియు ఈ చిన్న కథలో ఇమిడియున్నవి.

కౌమారదశలోని కలత

పదునారేండ్లు నిండని శ్రీరామచంద్రుడు తీర్థయాత్ర నుండి మరలివచ్చిన పిమ్మట విచారమగ్నుడై, ఆహారముపై ఆసక్తి తగ్గి, కృశించి, ఒంటరిగా కూర్చుండుచుండెనని యోగవాసిష్ఠము వర్ణించుచున్నది. పరిచారకులు ఆ సంగతి గమనించి రాజునకు నివేదించిరి. నిండుసభలో ఆయన తన మనోవేదనను విప్పి చెప్పగా మహర్షులు శ్రద్ధగా వినిరి. సమాధానము ఆ తరువాతనే చెప్పిరి. భక్తులు దానిని స్వామి లీలగా భావింతురు. అయినను కౌమారదశలోని దిగులు ఏ లక్షణములతో కనబడునో, దానికి పెద్దలు ఎట్లు స్పందింపవలెనో ఆ ఘట్టము మనకు చూపుచున్నది.

ఈ దిగులు అరుదైనది కాదు. పది నుండి పంతొమ్మిది ఏండ్ల వయసులో నున్న ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. పెద్దవయసున కనబడు మానసిక రుగ్మతలలో సగము పదునెనిమిదేండ్లు నిండులోపే అంకురించుచున్నవనియు ఆ సంస్థ చెప్పుచున్నది. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ ఆధ్వర్యమున 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుండి 17 ఏండ్ల పిల్లలలో 7.3 శాతము మందికి ఇట్టి రుగ్మత ఉన్నట్లు తేలినది.

సంపన్నుల యింట పిల్లవాడు దిగులుపడినచో గమనించుటకు నలుగురుందురు. పేదయింట ఆ వెసులుబాటు లేదు. పనులకై తల్లిదండ్రులు వలసపోగా ముసలివారి వద్ద మిగిలిపోయిన పిల్లలున్నారు. తండ్రి త్రాగుడు వలన రాత్రి అనగానే భయపడు పిల్లలున్నారు. ఇంటిలో ఒక్కరును బడిముఖము చూడకపోవుటచే తన చదువును గూర్చి ఎవరినడుగవలెనో తెలియని పిల్లలున్నారు. ఆడపిల్లలకు చదువు నడుమనే పెండ్లి భయము పొంచియుండును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 20–24 ఏండ్ల స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండకుండనే వివాహమైనవారు ఆంధ్రప్రదేశములో 29.3 శాతము, తెలంగాణములో 23.5 శాతము.

మన ప్రాంతములలో ఇట్టి పిల్లల చదువునకు మంచి ప్రయత్నములు జరిగినవి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో వెలసిన గురుకుల పాఠశాల మొదలుకొని నేటి వరకు ఎన్నియో వసతి పాఠశాలలు పేదపిల్లలకు చదువును, భోజనమును, నీడను ఇచ్చుచున్నవి. కాని రాత్రి దీపములార్పిన పిమ్మట పిల్లవాని మనస్సులో మెదలు మాటను వినుటకు ఒక మనిషి కావలెను. ఆ మనిషిని ఏ భవనమును ఇయ్యజాలదు.

పరిశోధనలు చెప్పు సాక్ష్యము

హవాయి దీవులలోని కవాయి దీవిలో 1955లో జన్మించిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ అను పరిశోధకురాండ్రు వారు నడివయసునకు వచ్చువరకు గమనించుచు వచ్చినారు. వారిలో కొందరు పేదరికము, ఇంటిలో కలహములు, తల్లిదండ్రుల వ్యాధులు వంటి పెక్కు కష్టముల నడుమ పెరిగినవారు. అట్టివారిలో సుమారు మూడవవంతు మంది ఏ ఆపదకును లోనుగాక, సమర్థులై, ఇతరులయెడ ఆదరముగల పెద్దలుగా ఎదిగినారు. వారి జీవితములలో ఏమి కనబడినదని విచారింపగా తేలిన ముఖ్యవిషయములలో ఒకటి ఇది: వారిలో ప్రతివానికిని తన్ను బేషరతుగా ఆదరించిన పెద్దవారు ఒక్కరైనను దొరకినారు. అవ్వయో, తాతయో, ఉపాధ్యాయుడో, ఇరుగుపొరుగువారో అట్లు అండగా నిలిచినారు.

అమెరికాలో 1904లో న్యూయార్కు నగరపు బాలల న్యాయస్థానమున గుమస్తాగా పనిచేయుచున్న ఎర్నెస్ట్ కౌల్టర్, తన ముందుకు వచ్చు పిల్లలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పెద్దమనిషి అన్నవలె తోడుండవలెనని పిలుపునిచ్చినాడు. ఆ ప్రయత్నమే కాలక్రమమున బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అను సంస్థగా పెరిగినది. ఆ సంస్థ పనిని గూర్చి 1995లో ఒక పరిశీలన వెలువడినది. పది నుండి పదునారేండ్ల వయసుగల 959 మంది పిల్లలను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు వెంటనే తోడును ఏర్పరచి, మరియొక భాగమును పదునెనిమిది మాసములు నిరీక్షణలో ఉంచినారు. తోడు దొరకిన పిల్లలలో మాదకద్రవ్యములు క్రొత్తగా మొదలిడువారు 46 శాతము తక్కువగాను, మద్యము మొదలిడువారు 27 శాతము తక్కువగాను ఉన్నట్లు తేలినది. వారు బడి ఎగగొట్టుట తగ్గినది. తల్లిదండ్రులపై నమ్మకము పెరిగినది. బయటివారి స్నేహము వలన ఇంటివారికి దూరమగుదురను భయము నిజము కాలేదు.

అయితే ఇంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. ఆ పిల్లల వివరములనే మరల పరిశీలించి 2002లో ప్రకటించిన వ్యాసమున, ఆ తోడు ఎంతకాలము నిలిచినదను ప్రశ్న వేసినారు. ఏడాది లేక అంతకు మించి నిలిచినచోట మేలు ఎక్కువగా కనబడినది. మూడు మాసములలోపే తెగిపోయినచోట పిల్లల ఆత్మగౌరవము, చదువగలమను ధైర్యము, తోడు దొరకక నిరీక్షించిన పిల్లలకంటెను దిగజారినవి. ఇది మన హృదయములలో నాటుకొనవలసిన మాట. ఏమియు చేయకుండుటకంటె, చేసెదనని చేయిపట్టి నడుమ విడుచుట పిల్లవానికి ఎక్కువ గాయము. "నన్ను చూచినవారందరు విడిచిపోవుదురు" అని ఇదివరకే అనుమానించుచున్న మనస్సునకు అది ఋజువుగా తోచును.

మన దేశముననే బీహారు రాష్ట్రపు నలందా జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలయందు జరిగిన ప్రయత్నమును ఇక్కడ స్మరింపవలెను. 2018లో లాన్సెట్ పత్రికలో దాని ఫలితములు వెలువడినవి. కొన్ని పాఠశాలలలో స్వల్పశిక్షణ పొందిన స్థానికులను ఆ పనికే నియమించినారు. వారు వైద్యులు కారు. పిల్లలు తమ గోడును చీటీపై వ్రాసి వేయుటకు ఒక పెట్టెను ఉంచుట, గోడపత్రిక నడుపుట, బాధలోనున్నవారిని ఒంటరిగా కూర్చుండబెట్టుకొని వినుట వారి పని. ఆ పాఠశాలలలో పిల్లల దిగులు, ఒకరినొకరు వేధించుట తగ్గినవి. బడి వాతావరణము మెరుగుపడినది. అదే పనిని ఉపాధ్యాయులకు అదనముగా అప్పగించినచోట చెప్పుకోదగిన మార్పు రాలేదు. ఇది ఒక్కొక్క పిల్లవానికి ఒక పెద్దదిక్కును ఏర్పరచు పద్ధతి కాకపోయినను, వినుటకే కేటాయించిన మనిషి విలువను తేటతెల్లము చేయుచున్నది.

ఇట్టి తోడు సర్వరోగనివారిణి కాదు. పెక్కు దేశముల పరిశీలనలను కూడి చూడగా సగటున కలుగు మేలు మితమైనదేయని తేలినది. నియమముతో నడచినచోట ఎక్కువగాను, నియమము తప్పినచోట తక్కువగాను అది ఫలించుచున్నది.

మనస్సులో జరుగు మార్పు

ఇంతకును ఒక మనిషి వారమునకొకసారి వచ్చి కూర్చుండినంత మాత్రమున మనస్సు ఎట్లు మారును? పదవ తరగతి చదువుచున్న ఒక కూలివాని కుమారుడు లెక్కల పరీక్షలో తప్పినాడనుకొందము. "బళ్ళో అందరూ నన్ను మొద్దు అంటున్నారు తాతగారూ, ఇక బడికి పోను" అని వాడు అనును. "శ్రద్ధగా చదివియుండవలసినది" అని బదులు చెప్పినచో వాడు ఇక నోరు విప్పడు. "వారు అట్లన్నప్పుడు నీకేమనిపించింది నాయనా?" అని అడిగి ఊరకున్నచో, వాడు మెల్లగా చెప్పుట మొదలిడును. లెక్కలు రాకపోవుట కాదు, నాన్న వలస పోయినది మొదలు సాయంకాలము గొడ్లను తోలుకొని వచ్చుట తనపై పడినదనియు, చదువుకొను వేళ చిక్కుట లేదనియు అప్పుడు బయటపడును.

అక్కడ మూడు మార్పులు జరిగినవి. మొదటిది, పేరు లేని దిగులుకు మాటలు దొరకినవి. లోపల సుడులు తిరుగు బాధ నోట వెలువడినపుడు కొంత అదుపులోనికి వచ్చును. రెండవది, "నేను మొద్దును" అను తీర్పు "నాకు వేళ చిక్కుట లేదు" అను సమస్యగా మారినది. తీర్పునకు విరుగుడు లేదు. సమస్యకు ఉపాయము కలదు. గొడ్ల పనిని వారమున రెండు దినములు ఎవరితోనైన పంచుకొనవచ్చునేమోయని ఇద్దరును కలిసి ఆలోచింపవచ్చును. మూడవది, ఆ పిల్లవాడు తన్ను తాను క్రొత్త అద్దములో చూచుకొనినాడు. ఒక పెద్దమనిషి తనకొరకు వేళ కేటాయించి కూర్చుండినాడనగా, తాను అందుకు తగినవాడనను భావము కలుగును. ఆలోచించి నిగ్రహించుకొను శక్తి మెదడులో ఇరువదియేండ్లు దాటిన తరువాతగాని పూర్తిగా పరిపక్వము కాదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అంతవరకు పెద్దల నిబ్బరమును చూచి పిల్లలు నిబ్బరమును నేర్చుకొందురు.

దీనిని వ్రతముగా పట్టుడు

మనకు వ్రతములు క్రొత్త కావు. ప్రతి వ్రతమునకు సంకల్పము, నియమము, ఉద్యాపనము అని మూడు అంగములుండును. నడుమ విడిచిన వ్రతము దోషమని పెద్దలు చెప్పుదురు. పిల్లవానికి పెద్దదిక్కుగా నిలుచుట సరిగా ఇట్టి వ్రతమే. ఉత్సవమునాడు వెలుగు వేయిదీపములు కన్నులకు పండుగయే. కాని గర్భాలయములో స్వామి ముఖమును మనకు ప్రతిదినము చూపునది నిత్యదీపము. ఈ పిల్లలకు ఉత్సవ దీపములు కొరవడుట లేదు. పండుగనాడు బట్టలు, బడి తెరచిననాడు పుస్తకములు పంచువారు పలువురున్నారు. అది మంచిపనియే. కొరవడినది నిత్యదీపము.

మొదట సంకల్పము. ఒక్క పిల్లవానిని, లేక ఒక్క పిల్లను మాత్రమే ఎంచుకొనుడు. వారమునకు ఒక గంట, ఏడాది పాటు ఇయ్యగలనా అని మీ మనస్సును నిజాయితీగా ప్రశ్నించుకొనుడు. ఇయ్యజాలనిచో మొదలిడకుండుటయే పుణ్యము. పుస్తకములో, ఫీజో మరియొక విధమున సాయపడవచ్చును. ఇయ్యగలనని తోచినచో పిల్లవాని తల్లిదండ్రుల అనుమతిని, చదువుచున్న పాఠశాల లేక వసతిగృహపు పెద్దల అనుమతిని పొంది మొదలిడుడు. ఆడపిల్లలకు స్త్రీలే తోడుండుట మేలు. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులు, పిల్లలు పెద్దవారై వెళ్ళిపోయిన గృహిణులు, కళాశాలలో చదువుచున్న యువకులు ఇందుకు తగినవారు.

రెండవది నియమము. వారములో ఒకే దినము, ఒకే వేళ, ఒకే చోటు ఉండవలెను. ఆ చోటు నలుగురి కంటికి ఆనునది కావలెను. బడి వరండా, గ్రంథాలయము, ఇంటి అరుగు, గుడి మండపము వంటివి తగును. మూసిన గదిలో ఒంటరిగా కలిసికొనుట ఇరువురికిని తగదు. రాలేని వారమున ముందుగానే కబురు పంపవలెను. సగము వేళ వినుటకు, మిగిలినది ఏదో ఒక పని కలిసి చేయుటకు కేటాయింపుడు. ఒక లెక్క చేయుట, ఒక దరఖాస్తు నింపుట, సైకిలు బాగుచేయుట, మొక్కకు పాదు చేయుట ఏదైనను సరియే. మగపిల్లలు ఎదురెదురుగా కూర్చుండినపుడు చెప్పని మాటను చేతిలో పనియున్నపుడు సులభముగా చెప్పుదురు. డబ్బు చేతికిచ్చుట అలవాటు చేయరాదు. స్నేహము అప్పుగా మారును. తల్లిదండ్రులను పిల్లవాని యెదుట కించపరచరాదు. వారి కులమును, పేదరికమును ఎత్తి జాలిపడరాదు. జాలి క్రిందికి చూచును. ఆదరము ఎదురుగా చూచును. ప్రతి మాటకును నీతిశ్లోకము చెప్పరాదు. నారదుడంతటివాని మొదటి హితవే పిల్లవాని చెవికెక్కలేదని మరువరాదు.

మూడవది ఉద్యాపనము. ఏడాది నిండినపుడు, లేక బదిలీ వలననో అనారోగ్యము వలననో విడువవలసి వచ్చినపుడు, చెప్పకుండ మాయమగుట మహాదోషము. కొన్ని వారములు ముందుగానే తెలిపి, ఇంతకాలములో పిల్లవాడు ఏమి నేర్చినాడో వానికే చెప్పి, ఇకపై ఎవరినడుగవలెనో చూపి, గౌరవముగా వీడ్కొనవలెను. తన తప్పు వలననే విడిచిపోయినారను భావము వానికి మిగులరాదు. సాధ్యమైనచో మరియొక ఏడాదికి సంకల్పము చెప్పుకొనుట ఉత్తమోత్తమము.

హద్దు తెలిసికొనుట

పెద్దదిక్కు వైద్యుడు కాడు. రెండు వారములకు మించి నిద్ర, ఆహారము చెడుట, స్నేహితులకు దూరమగుట, ఇష్టమైన ఆటను కూడ మానుట, తన్ను తాను గాయపరచుకొనుట, "నేను లేకున్న అందరికి మేలు" అను మాటలు వినబడుట ప్రమాద సూచనలు. అట్టి సమయమున "చనిపోవలెనని అనిపించుచున్నదా?" అని నెమ్మదిగా, సూటిగా అడుగవలెను. అట్లు అడుగుట వలన లేని తలంపు పుట్టునను భయము సరికాదని వైద్యులు చెప్పుచున్నారు. అడిగినవారు దొరకినారను ఊరట కలుగును. అవునని చెప్పినచో ఒంటరిగా విడువక, పురుగుమందు వంటివి అందకుండచేసి, ఇంటివారికి తెలిపి, వెంటనే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను నంబరుకు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. ఆపదలోనున్న పిల్లలకై 1098 అను నంబరు కలదు.

రహస్యమును గూర్చియు మొదటనే మాట చెప్పియుంచవలెను: "నీవు చెప్పినది నాలోనే ఉంచెదను, నీ ప్రాణమునకో దేహమునకో అపాయమున్నచో మాత్రము సాయము చేయగలవారికి చెప్పెదను." పిల్లలపై లైంగిక దౌర్జన్యము జరిగినట్లు తెలిసినచో పోలీసులకు తెలుపుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము ప్రతివానికిని విధి. కుటుంబ మర్యాద పేరిట దానిని కప్పిపుచ్చుట ధర్మము కాదు, నేరము.

గృహస్థులకు విన్నపము

ఈ వ్యాసమును చదువు కుటుంబములలో పెక్కింటికి ఇట్టి పిల్లలు దూరమున లేరు. పాలు పోయువారి కుమారుడు, పనిమనిషి కుమార్తె, ప్రక్కవీధి వసతిగృహములోని విద్యార్థి, యాత్రలో పూలదండలు అమ్మవచ్చిన చిన్నవాడు, వీరందరు మన కంటియెదుటనే ఉన్నారు. వారికి మన వద్ద నున్న గొప్ప విద్యలేవియు అవసరము లేదు. చెప్పిన వేళకు వచ్చు ఒక మనిషి, చెప్పుచుండగా అడ్డుపడని రెండు చెవులు చాలును.

మీ యింటిలో కూర్చుండి నేడే ఆలోచింపుడు. మీ ఎరుకలో నున్న ఒక్క పిల్లవాని పేరు స్మరింపుడు. వారములో ఏ గంటను వానికి ఇయ్యగలరో పంచాంగము తీసి చూడుడు. ఏడాది నిలుపుకొనగలమను నమ్మకము కలిగిననాడే వాని తల్లిదండ్రుల గడప తొక్కుడు. ఎక్కువ వాగ్దానము చేయకుడు; చేసినది తప్పకుడు. మన వలన ఒక్క యింటి పిల్లవాడు "నాకు పెద్దదిక్కు ఉన్నది" అని ధైర్యముగా అనగలిగినచో, ఆ వ్రతము ఫలించినట్లే.

శుభం భూయాత్.